హైబ్రిడ్ కారా? ముందు మీ రూట్ ఏంటో చెప్పండి

ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉంటే చాలు, ఫోన్ నుంచి ఫ్రిజ్ దాకా ఏది కొనాలన్నా చుట్టాలందరూ వాడికే ఫోన్ చేస్తారు. ఈమధ్య నాకు వచ్చే ప్రశ్నల్లో ఫోన్లు తగ్గి కార్లు పెరిగాయి. అందులోనూ అందరి నోటా ఒకటే మాట, హైబ్రిడ్. "లీటరుకు 28 ఇస్తదంట, నిజమేనా?" అని అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. హైబ్రిడ్ మంచి టెక్నాలజీ, అందులో డౌట్ లేదు. కానీ అది పెట్రోల్‌ను పుట్టించదు. సిగ్నళ్ల దగ్గర, బ్రేకుల్లో మీరు వృథా చేసే పెట్రోల్‌ను మిగులుస్తుంది, అంతే. మీ రూట్‌లో వృథానే తక్కువైతే మిగలడానికీ పెద్దగా ఏమీ ఉండదు. అందుకే బచ్చన్నపేటలో ఉండే మా మామకు, ఉప్పల్‌లో ఉంటూ మాదాపూర్‌లో ఉద్యోగం చేసే నాలాంటి వాళ్లకు కారు ఒకటే, ధర ఒకటే అయినా లెక్క మాత్రం పూర్తిగా వేరు. షోరూంలో ఈ లెక్క ఎవరూ చెప్పరు. మనమే వేసుకోవాలి.

బ్యాడ్జ్ ఒకటే, లోపల సరుకు వేరు

ఫోన్ బాక్స్ మీద "16 జీబీ ర్యామ్" అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాల్లో "8 జీబీ + 8 జీబీ వర్చువల్" అని పెట్టడం మనకు తెలిసిందే. ఆ రెండో 8 ఎంతవరకు పనికొస్తుందో కూడా మనకు తెలుసు. కార్లలో మైల్డ్ హైబ్రిడ్ కథ దాదాపు ఇలాంటిదే.

మైల్డ్ హైబ్రిడ్‌లో ఒక చిన్న మోటార్ బెల్టుతో ఇంజన్‌కు కలిసి ఉంటుంది. బండి ఆగినప్పుడు ఇంజన్ ఆపుతుంది, మళ్లీ కదిలేటప్పుడు మెత్తగా స్టార్ట్ చేస్తుంది, పికప్‌లో కొంచెం చెయ్యి కలుపుతుంది. కానీ ఇంజన్ ఆపేసి ఆ మోటార్‌తోనే కారు నడపలేరు. మారుతి దీన్ని "స్మార్ట్ హైబ్రిడ్" అంటుంది, టయోటా హైరైడర్‌లో "నియో డ్రైవ్" అంటుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్ అలా కాదు. ఇందులో మోటార్ ఒక్కటే చక్రాలను తిప్పగలదు. తక్కువ స్పీడ్‌లో ఇంజన్ నిద్రపోతుంది, కారు సైలెంట్‌గా కరెంటు మీద వెళ్తుంది. 2022లో వచ్చిన హోండా సిటీ ఇ:హెచ్ఈవీ, అదే ఏడాది వచ్చిన హైరైడర్ హైబ్రిడ్, గ్రాండ్ విటారాలో "ఇంటెలిజెంట్ ఎలక్ట్రిక్ హైబ్రిడ్" వేరియంట్లు, ఆ తర్వాత వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, మారుతి ఇన్విక్టో ఈ లిస్టులోకి వస్తాయి.

తేడా ఎంతో బ్యాటరీ చూస్తే అర్థమవుతుంది. మారుతి మైల్డ్ హైబ్రిడ్‌లో వాడే లిథియం బ్యాటరీ 12 వోల్టులు, 6 ఆంపియర్ అవర్స్. అంటే 72 వాట్ అవర్స్. మన 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ దాదాపు 19 వాట్ అవర్స్ ఉంటుంది. అంటే కారు మొత్తానికి నాలుగు ఫోన్ల బ్యాటరీ కూడా లేదన్నమాట! అదే గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 0.76 కిలోవాట్ అవర్స్ ఉంటుంది. కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్, అంటే దగ్గరదగ్గర 40 ఫోన్లు. ఇక నెక్సాన్ ఈవీ పెద్ద బ్యాటరీ 45 యూనిట్లు.

ఇక్కడే ఇంకో అపోహ కూడా పోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను ఇంట్లో చార్జింగ్ పెట్టే పని లేదు, పెట్టడానికి ప్లగ్ కూడా ఉండదు. ఆ ముప్పావు యూనిట్ నిండేది బ్రేక్ నుంచి, ఇంజన్ నుంచి మాత్రమే. ప్లగ్ ఉన్న హైబ్రిడ్లు కూడా ప్రపంచంలో ఉన్నాయి కానీ మన బడ్జెట్‌లోకి ఇంకా రాలేదు, వాటిని వదిలేద్దాం.

మైల్డ్, స్ట్రాంగ్ రెండింటికీ ఒకే పేరు పెట్టడం ప్రభుత్వం దాకా వెళ్లిన సమస్య. 2015లో మొదలైన ఫేమ్ పథకంలో మైల్డ్ హైబ్రిడ్‌లకు కూడా ప్రోత్సాహకం ఇచ్చారు. 2017 ఏప్రిల్ నుంచి తీసేశారు. ప్రభుత్వమే రెండేళ్లలో తేడా గుర్తించింది. కొనేవాళ్లకు మాత్రం ఇప్పటికీ అదే బ్యాడ్జ్ చూపిస్తున్నారు. ఫ్రిజ్‌కు స్టార్ రేటింగ్ ఉన్నట్టు కారు వెనక అద్దం మీద "మైల్డ్" లేదా "స్ట్రాంగ్" అని స్పష్టంగా రాయాలని నేనైతే కోరుకుంటా.

పెట్రోల్ ఎక్కడ మిగులుతుంది?

స్ట్రాంగ్ హైబ్రిడ్ మూడు చోట్ల మిగులుస్తుంది.

ఒకటి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నత్తనడక నడిచేటప్పుడు ఇంజన్ ఆగిపోతుంది. రెండు, బ్రేక్ వేసినప్పుడు వేడిగా పోయే శక్తిలో కొంత భాగాన్ని మోటార్ కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. మూడు, ఇంజన్ అట్కిన్‌సన్ సైకిల్ అనే పద్ధతిలో నడుస్తుంది. ఇందులో పికప్ కాస్త తగ్గినా తక్కువ పెట్రోల్‌తో ఎక్కువ పని జరుగుతుంది. తగ్గిన పికప్‌ను మోటార్ కవర్ చేస్తుంది.

ఇప్పుడు హైవే ఊహించుకోండి. భువనగిరి దాటాక 90లో వెళ్తున్నారు. ఆగడం లేదు, బ్రేక్ లేదు. మూడింటిలో మొదటి రెండు లాభాలూ దాదాపు మాయం. మిగిలింది మూడోది ఒక్కటే.

"కానీ హైవే మీద హైబ్రిడ్ మైలేజ్ ఏమీ పడిపోదు కదా?" అని అడగొచ్చు. నిజమే, పెద్దగా పడిపోదు. అసలు సంగతి ఏంటంటే, హైవే మీద మామూలు పెట్రోల్ కారు మైలేజ్ పెరుగుతుంది. సిటీలో ఈ రెండింటి మధ్య ఉన్న పెద్ద గ్యాప్ హైవే ఎక్కగానే సగానికి సగం కంటే ఎక్కువే మూసుకుపోతుంది. హైబ్రిడ్ కోసం మీరు అదనంగా కట్టిన డబ్బు తిరిగొచ్చేది ఆ గ్యాప్‌లోంచే.

కంపెనీ చెప్పే ఏఆర్ఏఐ మైలేజ్‌లో ఇది కనిపించదు. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97, మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కు 21.11 అని బ్రోచర్‌లో ఉంది. ఆ పరీక్షలో ఎక్కువ భాగం తక్కువ స్పీడ్‌లో ఆగుతూ కదులుతూ సాగేదే. టాప్ స్పీడ్ 90 దాటదు. హైబ్రిడ్‌కు ఇంతకంటే అనుకూలమైన గ్రౌండ్ దొరకదు. పరీక్ష అబద్ధం కాదు, కానీ అది మీ రూట్ కాదు.

లెక్క ఒకటి: ఉప్పల్ నుంచి మాదాపూర్

లెక్క కోసం కొన్ని అంకెలు పెట్టుకుందాం. ఒకే కారులో పెట్రోల్ ఆటోమేటిక్‌కు సిటీలో 12, హైవేలో 17. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు సిటీలో 22, హైవేలో 21. పెట్రోల్ లీటరు 107 రూపాయలు. ఎక్స్-షోరూం ధరలో తేడా 2.5 లక్షలు అనుకుంటే, దాని మీద సుమారు 18 శాతం లైఫ్ ట్యాక్స్, పెరిగిన ఇన్సూరెన్స్ కలిపి ఆన్‌రోడ్ తేడా 3 లక్షల దగ్గర తేలుతుంది. ఇవి నేను పెట్టుకున్న అంకెలు. మీరు చూస్తున్న మోడల్, మీ బంకు రేటు పెట్టి మళ్లీ లెక్కేసుకోండి.

ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు రానూపోనూ 50 కిలోమీటర్లు, నెలకు 20 రోజులు. మొత్తం 1000 కిలోమీటర్లు, అన్నీ సిటీవే. పెట్రోల్ కారుకు 83 లీటర్లు, హైబ్రిడ్‌కు 45 లీటర్లు. నెలకు మిగిలేది సుమారు 4,050 రూపాయలు. ఏడాదికి 48,600. పెట్టిన 3 లక్షలు తిరిగి రావడానికి ఆరేళ్లు పైనే.

నెలకు 1500 కిలోమీటర్లు తిరిగితే నాలుగేళ్ల కొంచెం పైన వచ్చేస్తుంది. క్యాబ్‌లా నెలకు 3000 తిరిగే బండి అయితే, సగం సిటీ సగం హైవే అనుకున్నా మూడేళ్లకు కాస్త పైన. వీళ్లకు హైబ్రిడ్ కచ్చితంగా ఆలోచించాల్సిన ఆప్షన్. (ఆ రూట్‌కు మెట్రో ఉంది కదా అంటారా? ఉంది, ఇంకా చవక కూడా. అది వేరే ఆర్టికల్.)

లెక్క రెండు: బచ్చన్నపేట

ఇప్పుడు మా మామ సంగతి. వ్యవసాయం, దానికి తోడు ఊళ్లో ఒక చిన్న షాపు. ఇంట్లో ఇదే మొదటి కారు. "అల్లుడా, హైబ్రిడ్ తీస్కుంటే పెట్రోలు సగం మిగుల్తదంట గదా, మూడు లక్షలు ఎక్కువైనా అదే తీస్కుందమా?" అని అడిగాడు. ఆ మూడు లక్షలు ఆయనకు చిన్న మాట కాదు. పత్తి, వరి అమ్మగా మిగిలినదాంట్లోంచి తీసి కట్టాలి, లేదా లోన్‌లో కలపాలి.

"మామా, నెలకు ఎక్కడెక్కడికి పోతవ్?" అని అడిగి రాసుకున్నా. పిల్లల కోసం, హాస్పిటల్ పనుల కోసం నెలకు రెండుసార్లు హైదరాబాద్. వారానికి ఒకసారి జనగామ. అప్పుడప్పుడు చేర్యాల, కొమురవెల్లి. హైదరాబాద్ రానూపోనూ 200 చొప్పున 400, జనగామ నాలుగుసార్లకు 160, మిగతావి ఒక 40. మొత్తం 600 కిలోమీటర్లు.

ఈ 600లో ఆగి కదిలేది ఎక్కడ? ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు, అడ్డొచ్చే ట్రాక్టర్లు, గూడూరు టోల్‌గేట్, ఆపైన ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా ఉండే ట్రాఫిక్. అంతే. ఆలేరు దగ్గరో జనగామ దగ్గరో హైవే ఎక్కాక రోడ్డు సాఫీగా పోతుంది. కాబట్టి హైవే అంకెలే వేద్దాం. పెట్రోల్ కారుకు 35.3 లీటర్లు, హైబ్రిడ్‌కు 28.6 లీటర్లు. నెలకు మిగిలేది 720 రూపాయలు.

ఏడాదికి 8,600. మూడు లక్షలు తిరిగి రావడానికి దాదాపు 35 ఏళ్లు!

పెట్రోల్ ఇంకా పెరుగుతుంది కదా అంటే, లీటరు 130 వేసి చూశా. అప్పుడు కూడా 28 ఏళ్లు దాటింది. ట్రాఫిక్‌లో గడిపే భాగాన్ని కాస్త పెంచి లెక్కేసినా ఏళ్లు తగ్గుతాయే తప్ప ఆయన కారు వాడే కాలంలోకి రావు.

ఆ మూడు లక్షలు లోన్ అయితే ఇంకా కష్టం. 9 శాతం వడ్డీ, అయిదేళ్లు అంటే ఆ అదనపు మొత్తానికే నెలకు 6,200 పైన ఈఎంఐ. 720 మిగుల్చుకోవడానికి 6,200 కట్టడం అన్నమాట. ఉప్పల్ లెక్కలో కూడా మిగిలేది 4,050, కట్టేది 6,200. అంటే లోన్ తీరేదాకా సిటీవాళ్లకు కూడా జేబులోంచి పోయేదే ఎక్కువ. ఆ తర్వాతే లాభం మొదలవుతుంది.

మైలేజ్ ఒక్కటేనా?

కాదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ నడిపితే ఆ స్మూత్‌నెస్ వేరు. క్లచ్ లేదు, గేర్ల కుదుపు లేదు, ట్రాఫిక్‌లో సౌండ్ లేదు. పొగ కూడా తక్కువ. టయోటా లాంటి కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి కాబట్టి "బ్యాటరీ పోతే లక్షలు" అన్న భయం కూడా అంత అవసరం లేదు. ఇవి మీకు నచ్చి, ఆ కంఫర్ట్‌కు మూడు లక్షలు పెట్టగలిగితే హాయిగా కొనుక్కోండి. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనేవాళ్లందరూ లెక్క చూసుకునే కొంటున్నారా? కానీ "మైలేజ్‌లో వచ్చేస్తుందిలే" అని మనకు మనం సర్దిచెప్పుకుని కొనకూడదు. నా అభ్యంతరం అక్కడే.

ఊరివాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి వాటిలో హైబ్రిడ్ బ్యాటరీ వెనక ఉండటం వల్ల డిక్కీ తగ్గుతుంది. ఊరికి వెళ్లి ఉత్తచేతులతో ఎవరూ తిరిగిరారు. బియ్యం బస్తా, పచ్చడి జాడీ, కూరగాయల సంచులు, బ్యాగులు అన్నీ పట్టాలంటే షోరూంలో డిక్కీ తెరిచి చూడండి.

ఊళ్లో ఈవీ, సిటీలో హైబ్రిడ్

ఇది వింటే ఉల్టా అనిపిస్తుంది. అందరూ "ఈవీ సిటీకి, ఊరికి పెట్రోలే" అంటారు. నాకు మాత్రం లెక్క వేరేలా కనిపిస్తోంది.

హైదరాబాద్‌లో మనలో చాలామంది ఉండేది అద్దె ఫ్లాట్లలో. పార్కింగ్‌లో చార్జర్ పెట్టాలంటే ఓనర్ ఒప్పుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి, మీటర్ ఎవరిదో తేలాలి. చార్జింగ్ అక్కర్లేని స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇలాంటి వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. పైగా సిటీ ట్రాఫిక్ దాని సొంత గ్రౌండ్.

బచ్చన్నపేటలో మామ ఇల్లు సొంతం, వాకిలి సొంతం, మీటర్ సొంతం. రాత్రి కారు ఇంటిముందే ఉంటుంది. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఈవీ, యూనిట్‌కు 6 కిలోమీటర్లే ఇచ్చినా 270 వెళ్తుంది. హైదరాబాద్ వెళ్లి రావడానికి సరిపోతుంది. ఆ 200 కిలోమీటర్లకు చార్జింగ్ నష్టాలు కలిపి 38 యూనిట్లు, స్లాబ్ పెరుగుతుంది కాబట్టి యూనిట్ 10 రూపాయలు వేసినా 380. అదే ట్రిప్‌కు హైబ్రిడ్‌కు వెయ్యి రూపాయలు పైన, పెట్రోల్ కారుకు 1,260. నెల మొత్తం చూస్తే పెట్రోల్ కారు మీద హైబ్రిడ్ 720 మిగిల్చితే ఈవీ 2,600 పైగా మిగులుస్తుంది.

ట్యాక్స్ కూడా అటే మొగ్గింది. తెలంగాణలో 2024 నవంబర్‌లో వచ్చిన ఈవీ పాలసీ ప్రకారం ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జీఎస్టీ 5 శాతమే. పైన చెప్పిన స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు మాత్రం 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం, అంటే పెద్ద పెట్రోల్ కార్లతో సమానం. ఉత్తరప్రదేశ్ 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ మాఫీ చేసింది. సిటీ ట్రాఫిక్‌లో నిజంగా పెట్రోల్ మిగిల్చే టెక్నాలజీకి మన దగ్గర కూడా కొంత తగ్గింపు ఉంటే బాగుండేది. కానీ లేని తగ్గింపును నమ్ముకుని మనం కొనలేం.

అలాగని ఈవీలో తిప్పలు లేవని కాదు. 15 ఆంప్స్ సాకెట్‌తో ఫుల్ చార్జ్ కావాలంటే ఒక రాత్రి చాలదు. పెద్ద చార్జర్ పెట్టాలంటే కరెంటోళ్ల దగ్గర లోడ్ పెంచుకోవాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఏడాదికి నాలుగైదు సార్లు తిరుపతి లాంటి దూరాలు వెళ్లేవాళ్లకు దారిలో చార్జింగ్ ప్లాన్ చేసుకోవాల్సిందే. ఇవన్నీ వద్దనుకుంటే మామలాంటి వాళ్లకు మామూలు పెట్రోల్ మాన్యువల్ కూడా మంచి నిర్ణయమే. మిగిలిన మూడు లక్షలు బ్యాంకులో వేసినా నెలకు 720 కంటే ఎక్కువ వడ్డీ వస్తుంది.

షోరూంలో ఇవి అడగండి

1. "ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఈ కారు కదులుతుందా?" కదలదంటే అది మైల్డ్ హైబ్రిడ్. హైబ్రిడ్ అనే పేరు కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

2. హైబ్రిడ్ టాప్ మోడల్‌ను పెట్రోల్ బేస్ మోడల్‌తో పోల్చొద్దు. ఒకే ఫీచర్లు ఉన్న పెట్రోల్ ఆటోమేటిక్‌తో పోల్చి ఆన్‌రోడ్ తేడా రాయించుకోండి.

3. టెస్ట్ డ్రైవ్‌ను షోరూం ముందు రోడ్డు మీద కాకుండా, మీరు రోజూ వెళ్లే రోడ్డు మీద అడగండి. స్క్రీన్ మీద ట్రిప్ మైలేజ్ రీసెట్ చేసి మొదలుపెట్టండి.

4. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, బండి అమ్మేస్తే కొత్త ఓనర్‌కు వర్తిస్తుందో లేదో కాగితం మీద చూడండి.

5. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ చల్లబడటానికి గాలి వెనక సీటు దగ్గరి నుంచి వెళ్తుంది. ఆ జాలీ ఎక్కడుందో, ఎప్పుడు క్లీన్ చేయాలో అడగండి. మట్టిరోడ్ల దుమ్ము ఎక్కువగా ఉండే మన వైపు ఇది ముఖ్యం.

6. హైబ్రిడ్ సిస్టమ్ రిపేర్ చేయగల సర్వీస్ సెంటర్ మీకు ఎంత దూరంలో ఉందో కనుక్కోండి.

చివరగా

నెలకు 1000 దాటి, అదీ ఎక్కువగా సిటీలో తిరుగుతారా? ఇంటి దగ్గర చార్జింగ్ లేదా? కారు ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటారా? మూడింటికీ అవును అయితే స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోండి, ఎంజాయ్ చేయండి. సొంతిల్లు ఉండి, ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్లు ముందు ఈవీ లెక్క వేయండి, అది కుదరకపోతే మామూలు పెట్రోల్. నెలకు 600 లోపు తిరిగేవాళ్లు మైలేజ్ అనే మాటే మర్చిపోయి ధర, సేఫ్టీ, సర్వీస్ చూసి కొనండి.

మీరెంత తిరుగుతారో మీకే తెలియకపోతే, గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్ చేసి ఒక నెల ఆగండి. ఎక్కడికి, ఎంత దూరం వెళ్లారో అదే చూపిస్తుంది. ఇరవై వేల ఫోన్ కొనడానికి నెలరోజులు రివ్యూలు చూసేవాళ్లం మనం. ఇరవై లక్షల కారుకు ఒక నెల మన సొంత రూట్‌ను రివ్యూ చేసుకోవడం పెద్ద పనేం కాదు.